గొట్లాం, గరుడబిల్లి, గజపతినగరం

మా పాపకి రెండేళ్లు నిండేసరికి ఆరు మాటలే వచ్చు. అమ్మ, మామ్మ, బువ్వ, అంబా, నేదు, టాటా. అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాణ్ణి కాబట్టి ఇప్పటికీ వరుసతో సహా గుర్తున్నాయి. ఆ ఆరింట్లో ‘నాన్న’ లేదు.

నేను రాయగడ నుంచి గూడ్స్ రైలు తెచ్చి, డ్రైవర్లు డ్యూటీ ఎక్కి దిగే లాబీలో సైన్ ఆఫ్ చేసి, ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటుంటే, పాప వాళ్ల మామ్మ చీర పట్టుకుని నా వైపు కాసేపు చూసేది. చూసి చెయ్యి ఊపేది. "టాటా" అనేది. వచ్చినవాడికి టాటా.

మొదట్లో ఇంట్లో అందరం నవ్వాం. "ఇప్పుడే కదే మీ నాన వచ్చేడు, అప్పుడే తోలేస్తన్నావేటే" అని మా అమ్మ ముద్దు చేసింది. నాలుగోసారికో అయిదోసారికో నాకు నవ్వు రాలేదు. భుజాన డ్యూటీ బ్యాగున్న మనిషి కనబడితే టాటా చెప్పాలని ఆ పిల్ల నేర్చుకుంది. రెండేళ్లలో నేను దానికి నేర్పిన ఒకే ఒక్క మాట అది.

నేను గూడ్స్ లోకో పైలట్‌ని. పదకొండేళ్ల సర్వీసు. విజయనగరం నుంచి ఎక్కువగా రాయగడ వైపు, అప్పుడప్పుడూ పలాస వైపు. గూడ్స్ బండికి టైమ్ టేబుల్ ఉండదు. రాత్రి ఒంటిగంటకి కాల్ వస్తే మూడింటికి సైన్ ఆన్. వెళ్లాక ఎప్పుడొస్తానో ఇంట్లోవాళ్లకే కాదు, నాకూ తెలీదు. నా భార్య గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ బడి టీచరు. పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం అయిదున్నర. ఆ పది గంటలూ పాప మా అమ్మ దగ్గర. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పాప వెనకాల పరిగెత్తలేదు. అందుకని అన్నం పెట్టాలంటే ఫోను, ఏడుపు మానిపించాలంటే ఫోను, అమ్మ స్నానం చేసి రావాలంటే ఫోను. అందులో రంగు రంగుల బస్సులు తిరిగేవి, ఎవరో పాటలు పాడేవారు. పాప రెప్ప వెయ్యకుండా చూసేది. ఎంత బుద్ధిగా కూర్చుందో అనుకునేవాళ్లం.

నేనింట్లో ఉన్న గంటల్లో నిద్రపోయేవాణ్ణి. దాని గురించి నాకే తప్పూ కనబడదు. రాత్రంతా బండి నడిపినవాడు పగలు నిద్రపోవాలి, పోకపోతే వెనకున్న మూడు నాలుగు వేల టన్నులకి సమాధానం చెప్పలేడు. కానీ లేచాక? లేచాక కూడా మంచం మీద అటు తిరిగి నా ఫోన్ చూసుకునేవాణ్ణి. ఒకే గదిలో నేనొక ఫోన్లో, నా కూతురు ఇంకో ఫోన్లో.

"దీనికేటయ్యింది, నీకూ మూడేళ్లకి గానీ మాటల్రాలేదు" అని అమ్మ ధైర్యం చెప్పేది. నా భార్య మాత్రం వినలేదు. బళ్లో చిన్నపిల్లల్ని రోజూ చూస్తుంది కదా. తనే ముందు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు గారు ముందు చెవులు చూపించమన్నారు. మాట ఆలస్యమైన పిల్లలకి మొట్టమొదట చెయ్యాల్సింది వినికిడి పరీక్ష అని అప్పుడే తెలిసింది. పాపని నిద్రపుచ్చి, తలకి తీగలు అంటించి, చెవిలో శబ్దాలు వినిపించి చూశారు. బెరా పరీక్ష అంటారు. చెవులు బాగున్నాయి. అక్కణ్ణుంచి మాటలు నేర్పే థెరపిస్టు దగ్గరికి పంపారు.

ఆవిడ చెప్పిన కొలతలు ఇక్కడ రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. ఏడాది నిండేసరికి ఒకటి రెండు మాటలు రావాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. కావలసినదాన్ని, నచ్చినదాన్ని వేలుతో చూపించాలి. రెండేళ్లకి యాభై మాటల దాకా ఉండి, ‘అమ్మ రా’, ‘బువ్వ వద్దు’ అని రెండేసి కలపాలి. కొందరు పిల్లలు కాస్త ముందూ వెనకా అవుతారు, నిజమే. కానీ పేరుకి పలక్కపోయినా, కళ్లలోకి చూడకపోయినా, వేలు చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా మూడేళ్లు నిండనీ అని కూర్చోకూడదు. డబ్బు లేదని ఆగక్కర్లేదు కూడా. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షించే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ బృందం అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు రావాలి. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచర్ని అడిగి ఉంచుకోండి.

మా పాప పేరుకి పలుకుతుంది, వేలు చూపిస్తుంది, చెప్పింది అర్థం చేసుకుంటుంది. తిరిగి చెప్పడమే లేదు. థెరపిస్టు అన్నీ రాసుకుని నా వైపు తిరిగింది. "సార్, మీ పాప ఏదైనా శబ్దం చేస్తే మీరేం చేస్తారు?"

ఏం చేస్తాను? ఏమీ చెయ్యను. పిల్లలు ఏవో శబ్దాలు చేస్తూనే ఉంటారు కదా. అదే మాట చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. "పాప ‘బ’ అంటే మీరూ ‘బ’ అనండి. తరవాత ఆగండి. పాప వంతు వచ్చేదాకా ఆగండి. అది ఆవుని చూపిస్తే ‘ఆవు, తెల్లావు’ అని మీరొక మాట కలపండి. మళ్లీ ఆగండి. రోజుకి ఇరవై నిమిషాలు, ఫోన్ లేకుండా, నేల మీద కూర్చుని. మందులేం లేవు" అంది. ఇంత దూరం వచ్చింది దీనికా అని నేను లోపల్లోపల విసుక్కున్నాను. నా భార్య పుస్తకంలో రాసుకుంది.

రెండు రోజుల తరవాత, కోమటిపల్లి దాటి దొంకినవలస వస్తుండగా ఇంజన్లో నాకు ఆ మాట అర్థమైంది.

ఇంజన్లో మేమిద్దరం ఉంటాం, నేనూ నా అసిస్టెంటూ. సిగ్నల్ కనబడగానే అతను చెయ్యి చాపి గట్టిగా అంటాడు, "డిస్టెంట్, డబుల్ ఎల్లో" అని, అంటే స్టేషనుకి ముందొచ్చే సిగ్నల్లో రెండు పసుపు దీపాలు. నేనూ చెయ్యి చాపి అదే తిరిగి అనాలి, "డిస్టెంట్, డబుల్ ఎల్లో." ఇద్దరి కళ్లకీ కనబడుతూనే ఉంది కదా అని ఊరుకోకూడదు. నోరు విప్పి చెప్పాలి. చెప్పిన మాట తిరిగి రాకపోతే అసిస్టెంటు వెంటనే నా మొహంలోకి చూస్తాడు. ఆ రోజు అతనన్న మాటకి నేను పలకలేదు, పాప గురించి ఆలోచిస్తున్నాను. "సార్!" అన్నాడు. ఒక్క క్షణమే. నేను తిరిగి చెప్పాను, బండి నెమ్మది చేశాను. కానీ ఆ కుర్రాడి గొంతులో వినబడిన కంగారు నన్ను వదల్లేదు. ఒక్కసారి పలక్కపోతేనే పాతికేళ్ల మనిషి అంత కంగారు పడ్డాడు. రెండేళ్లుగా మా పాప నా మొహంలోకి అలాగే చూస్తోంది.

ఇంజన్లో ఇంకొకటి కూడా ఉంటుంది. విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అంటారు. ఒక నిమిషం పాటు నేను హ్యాండిలూ, హారనూ, బ్రేకూ ఏదీ ముట్టుకోకపోతే ముందొక దీపం వెలుగుతుంది. అప్పుడు బటన్ నొక్కాలి. నొక్కకపోతే బజర్ మోగుతుంది. అప్పటికీ పలక్కపోతే బండి తనంతట తనే బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. మెలకువగా ఉన్నావా అని ఇంజను నన్ను నిమిషానికోసారి అడుగుతుంటే పదకొండేళ్లుగా ఉన్నాను, ఉన్నాను అని చెబుతూ వచ్చాను. పాప కూడా అడిగింది. మొదట ఊఁ అంది, తరవాత నా కాలు పట్టి లాగింది, తరవాత బొమ్మ విసిరింది. ఆపైన అడగడం మానేసి ఫోన్ వైపు తిరిగింది.

తరవాత చదివితే తెలిసింది, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే కేంద్రంవాళ్లు దీన్నే సర్వ్ అండ్ రిటర్న్ అంటారని. షటిల్ ఆటలో కాక్ వచ్చినట్టు బిడ్డ నుంచి ఒక చూపో, కేకో, సైగో వస్తుంది. పెద్దవాళ్లు దాన్ని అందుకుని తిరిగి కొట్టాలి. మొదటి కొద్ది సంవత్సరాల్లో బిడ్డ మెదడులో సెకనుకి పది లక్షలకి పైగా కొత్త నాడీ బంధాలు ఏర్పడతాయని, ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల్లో వాడినవి గట్టిపడతాయని, వాడనివి తెగిపోతాయని వాళ్లు రాశారు. మన 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఉంది, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని. ఆ ఆరేళ్లలో రెండు నేను పలక్కుండా గడిపేశాను.

మొదటి పది రోజులు పాప నన్ను రానివ్వలేదు. నేల మీద పక్కన కూర్చుంటే లేచి మామ్మ దగ్గరికి పోయేది. నేను దగ్గరికి లాక్కుంటే ఏడుపు. ఫోన్ దాచేసిన కోపం కూడా ఉంది మరి. రెండేళ్లలోపు పిల్లల్ని తెర ముందు కూర్చోబెట్టొద్దని, ఆ తరవాత కూడా అయిదేళ్లు నిండేదాకా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో గంటలు గంటలు నడిచేది కాబట్టి అది మాన్పించిన ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. అమ్మకి నా మీద చాలా కోపం వచ్చింది. "నువ్వు బండెక్కి ఎల్లిపోతావు, ఈ గుంటతో పడేది నేను" అంది. నిజమే కదా. అందుకని నేనున్న రోజు మధ్యాహ్నం అన్నం పెట్టే పని నేను తీసుకున్నాను. మొదటి రోజు ముద్దపప్పు నా చొక్కా మీదే ఎక్కువ పడింది.

మార్చింది అగ్గిపెట్టెలు. ఖాళీ అగ్గిపెట్టెలు ఎనిమిది పురికొసకి కట్టి నేల మీద లాగాను. పాప చూసింది, రాలేదు. నేను లాగుతూ, నోటికి అలవాటైన వరుస కాబట్టి, అనుకుంటూ పోయాను. గొట్లాం. గరుడబిల్లి. గజపతినగరం. కోమటిపల్లి. దొంకినవలస. బొబ్బిలి. ఒక్కో స్టేషను దగ్గరా ఆపి, హారన్ కొట్టి, మళ్లీ లాగాను. మూడో ట్రిప్పులో వచ్చి పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం అంతా గది ఆ చివరి నుంచి ఈ చివరికి రాయగడ లైన్ నడిచింది.

రోజూ అదే. పడుకునేటప్పుడు కూడా అదే వరుస, జోలపాటలాగా నెమ్మదిగా. పన్నెండో రోజో పదమూడో రోజో, దొంకినవలస అన్నాక నాకు దగ్గొచ్చి ఆగాను. చీకట్లో పక్కనుంచి వినబడింది.

"బొబ్బి."

లేచి కూర్చున్నాను. దీపం వెయ్యలేదు, నిద్ర చెడిపోతుందని. "బొబ్బిలి" అన్నాను. ఆగాను. "బొబ్బి" అంది మళ్లీ. నా భార్య అటు పక్క పడుకుని ఉంది, తన చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

థెరపిస్టు దగ్గర చెబితే నవ్వి, పెదాలతో పలికే ప, బ, మ లు పిల్లలకి ముందు వస్తాయని, పెదాలు కలవడం కంటికి కనబడుతుంది కాబట్టి పట్టుకోవడం తేలికని చెప్పింది. దగ్గొచ్చి నేను ఆగిన ఆ ఆగడం కూడా పనిచేసిందంది. అప్పటిదాకా నేను వరుస మొత్తం నేనే చెప్పేసేవాణ్ణి, పాపకి వంతు ఇవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి స్టేషను ముందూ ఆగడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ‘గొట్టాం’ వచ్చింది. తరవాత ‘గగనగరం’. గరుడబిల్లి మాత్రం చాలా రోజులు ‘బిల్లి’ గానే ఉండిపోయింది. ‘నాన్న’ ఎప్పుడొచ్చిందో చెప్పనా? గొట్లాం తరవాత, గజపతినగరానికి ముందు. అగ్గిపెట్టెల బండి మంచం కింద ఇరుక్కుంటే తియ్యడానికి పిలిచింది.

ఇది చదివి, మాటలు రాని ప్రతి పిల్లకీ తండ్రి ఆడుకుంటే సరిపోతుందని ఎవరూ అనుకోవద్దు. చెవుడుంటే దానికి వైద్యం వేరు, ఆటిజం ఉంటే దానికి శిక్షణ వేరు. పరీక్ష చేయించకుండా ఆటలతో సరిపెట్టకూడదు. పిల్లకి మాటలు రాకపోతే నువ్వు ఉద్యోగానికి పోబట్టే అని తల్లిని అనే నోళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మా చుట్టాల్లో ఇద్దరు అన్నారు. తండ్రి ఏం చేస్తున్నాడని ఒక్కరు కూడా అడగలేదు. అడగాల్సింది అది కూడా.

స్నానం చేయించడం దగ్గర పెద్ద గొడవైంది. పాపకి నలుగు పెట్టి నీళ్లు పోసే పని సెలవు రోజుల్లో నేను చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "మగోడివి, నువ్వు గుంటకి నీళ్లు పొయ్యడమేటిరా, చూసినోళ్లు ఏటనుకుంటారు?" లాబీలో కూడా ఒకరిద్దరు ఆడపనులు చేస్తున్నాడన్నారు. నేను వాళ్లకి 2011లో అచ్చయిన ఒక పరిశోధన గురించి చెప్పాను. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకుల్ని కొన్నేళ్లు గమనించారు. పెళ్లై తండ్రులైనవాళ్లలో టెస్టోస్టిరాన్ హార్మోను బాగా తగ్గింది. బిడ్డ పనుల్లో రోజుకి మూడు గంటలు, అంతకు మించి గడిపేవాళ్లలో ఇంకా తక్కువగా ఉంది. బిడ్డని సాకడానికి మగవాడి ఒళ్లు కూడా తనంతట తను సిద్ధమవుతుంది. ప్రకృతి నాకు ఇచ్చిన పని నేను చేస్తున్నాను, ఇందులో చిన్నతనం ఎక్కడుందని అడిగాను. ఒక సీనియర్ లోకో పైలట్, రిటైర్మెంటుకి రెండేళ్లుంది ఆయనకి, అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, "నేను మా పిల్లల్ని ఎత్తుకుంది లెక్కపెట్టొచ్చురా" అని వెళ్లిపోయాడు.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశాడు. షిఫ్టుల ఉద్యోగం, నాది లాగే. ఆయన ఇంట్లో ఉన్నాడంటే మేం గొంతు తగ్గించేవాళ్లం. గోనె నార వాసన వచ్చిందంటే పుస్తకం తీసేవాళ్లం. కొట్టేవాడు, అప్పట్లో అందరి నాన్నలూ కొట్టేవారు. నాతో మాట్లాడిన మాటలు కాగితం మీద రాస్తే ఒక పేజీ నిండదు. కానీ శ్రీరామనవమికి సైకిలు ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, నన్ను దాని మీద కూర్చోబెట్టుకుని రామతీర్థం తీసుకెళ్లేవాడు. దారంతా ఆయన గడ్డం నా తలకి తగులుతుండేది. మాట ఉండేది కాదు. ఆ గడ్డం గరుకు నాకు ఇప్పటికీ ఇక్కడ, నడినెత్తి మీద ఉంది. ఆయనకి ప్రేమ లేదని నేనెప్పుడూ అనుకోలేదు. దాన్ని నోటితో చెప్పొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన నాన్న ఆయనకి చెప్పలేదు.

నేను పాపకి నీళ్లు పోస్తుంటే నాన్న అరుగు మీద కూర్చుని చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఒక రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అగ్గిపెట్టెల బండికి కొత్త తాడు ఉంది. జనపనార పురి, మూడు పోగులు పేని, ముడి కనబడకుండా కట్టినది. ముప్పై ఏళ్లు మిల్లులో నార మీద ఆడిన చేతులవి. పాప దాన్ని లాగుతుంటే ఆయన వెనకాల నడుస్తూ, "ఆఁ, తరవాత?" అంటున్నాడు. "కోమపల్లి" అంటోంది పాప. "ఆఁ, తరవాత?" నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైనది. పాపకి రెండున్నరేళ్లప్పుడు, వరసగా రెండు రాత్రులు పనిచేసి వచ్చి, మంచం మీద కాగితాలు పెట్టుకుని ఏదో రాస్తున్నాను. పాప నీళ్ల గ్లాసు తెచ్చి వాటి మీద ఒంపేసింది. నాకివ్వడానికే తెచ్చింది, తడబడింది. ఆ సంగతి తరవాత తెలిసింది. నేను అరిచి చెయ్యెత్తాను. దెబ్బ వెయ్యలేదు, చెయ్యెత్తాను అంతే. పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని కిందకి కూర్చుంది. నేను చిన్నప్పుడు మా నాన్న ముందు సరిగ్గా అలాగే కూర్చునేవాణ్ణి. దానికి ఎవరూ నేర్పలేదు, ఏ పిల్లకీ నేర్పక్కర్లేదు. ఆ రోజు సాయంత్రం దాకా అది ఒక్క స్టేషను పేరు చెప్పలేదు.

రాత్రి దాని పక్కన కూర్చుని, "నాన్న అరిచేడు. తప్పు చేసేడు. నువ్వు నీళ్లు తెచ్చావు, మంచి పని చేశావు" అన్నాను. రెండున్నరేళ్ల పిల్లకి క్షమాపణ ఏం అర్థమవుతుందంటారు కొందరు. అర్థమైంది. నా చెయ్యి తీసుకుని, ఎత్తిన ఆ చెయ్యే, తన బుగ్గ కింద పెట్టుకుని పడుకుంది.

2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. బళ్లో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. నా భార్య బళ్లో చెయ్యెత్తితే చట్టం అడుగుతుంది. ఇంట్లో నేనెత్తితే నన్ను నేనే అడగాలి. అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన రోజు పాపకి ముందే చెప్పేస్తాను: "నాన్నకి ఇప్పుడు రెడ్. పడుకుని లేచాక గ్రీన్." సిగ్నల్ రంగులు దానికి అప్పటికే తెలుసు. తను కోపంగా ఉన్నప్పుడు కూడా అడుగుతాను, "నీకేం రంగు?" అని. "ఎల్లో" అందంటే ఇంకా మాట్లాడొచ్చు. "రెడ్" అంటే పక్కన ఊరికే కూర్చుంటాను. ఇంకొకటి కూడా ఇంజన్ నుంచే నేర్చుకున్నాను. సిగ్నల్ ఎప్పుడూ ఏం చెయ్యకూడదో చెప్పి వదిలెయ్యదు, ఏం చెయ్యాలో చెబుతుంది. ‘పరిగెత్తకు’ అంటే పాప ఆగదు, ‘నా చెయ్యి పట్టుకుని నడువు’ అంటే నడుస్తుంది. ‘ఒంపెయ్యకు’ అనేకన్నా ‘రెండు చేతులతో పట్టుకో’ అంటే గ్లాసు నిలుస్తుంది.

ఆ ఏడాది సిరిమానోత్సవానికి పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుని విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడ్డాను. దసరా తరవాత వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి పండగ. జనం సంగతి ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. మా నాన్న కూడా నన్ను ఇలాగే ఎత్తుకుని చూపించాడట, అమ్మ చెప్పింది. సిరిమాను ముందు పాలధార వెళ్లింది, బెస్తవారి వల వెళ్లింది, అంజలి రథం వెళ్లింది, తెల్ల ఏనుగు వచ్చింది. పాప నా జుట్టు రెండు చేతులా పట్టుకుని కేకేసింది. "నాన్నా! తెల్లేనుగు వచ్చింది! ఇంకా రా ఏనుగూ!" అంత పొడుగు మాట నేను దాని నోట వినడం అదే మొదటిసారి. సిరిమాను, అంటే పొడుగాటి చెట్టు మాను, దాని చివర కూర్చుని పూజారి గారు మా తలల మీదుగా వెళ్లినప్పుడు నాకు సరిగ్గా కనబడలేదు, కళ్లలో నీళ్లున్నాయి.

ఇదంతా ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి సరే, దూరాన ఉన్నవాళ్ల మాటేమిటని మా బావమరిది అడిగాడు. అతను చెన్నైలో రాడ్ బెండింగ్ పని చేస్తాడు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎన్ని ఇళ్లలో తండ్రి అంటే ఫోన్లో గొంతు! తీరం ఊళ్ల నుంచి గుజరాత్ వేరావల్‌కి చేపల వేటకి పోయేవాళ్లు నెలల తరబడి ఉండిపోతారు. నేనతనికి చెప్పింది ఒకటే. ‘అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా’ అని అడిగితే ‘ఊఁ’ తప్ప ఇంకేం రాదు. ‘మన నల్లమేక పిల్ల ఇవాళ ఏం చేసింది’ అని అడుగు. చెప్పిందానికి ఇంకో ప్రశ్న వెయ్యి. రేపు నిన్నటి మేక దగ్గర మొదలుపెట్టు. నేను రాయగడ రన్నింగ్ రూము నుంచి, అంటే డ్రైవర్ల విశ్రాంతి గది నుంచి, రోజూ అదే చేస్తాను. రెస్టు చిక్కితే రాత్రి ఏడున్నరకి ఫోన్, ఇటు నుంచి నేను రాయగడలో బయల్దేరితే అటు నుంచి పాప విజయనగరంలో బయల్దేరుతుంది. పార్వతీపురం దగ్గర కలుసుకుంటాం.

అయిదు నెలల కిందట బాబు పుట్టాడు. నెలలు నిండకుండా, 1900 గ్రాములు. రెండున్నర కిలోలకి తక్కువైతే తక్కువ బరువు కింద లెక్క. ఆస్పత్రిలో నర్సు నా భార్య గుండెల మీద వాణ్ణి ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి కట్టింది. కంగారూ పద్ధతి అంటారు, 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టినది. తల్లి అలిసిపోతే? "మీరూ పెట్టుకోవచ్చు సార్, చొక్కా విప్పండి" అంది నర్సు. రైల్వేలో మగ ఉద్యోగులకి పితృత్వ సెలవు 15 రోజులుంటుంది. పాప పుట్టినప్పుడు ఆ 15 రోజులూ చుట్టాలకి టీలు అందించడం, బారసాల పనులు చూసుకోవడంతో అయిపోయాయి. ఈసారి చుట్టాల్ని రావద్దని చెప్పాం. రోజుకి నాలుగైదు గంటలు వాడు నా ఛాతీ మీదే ఉన్నాడు, పిచ్చుక అంత బరువు. వాడి ఊపిరి నా ఊపిరితో కలిసి నడవడం నాకు తెలిసేది. పాపని ఇలా పెట్టుకోలేదే అని చాలాసార్లు అనుకున్నాను. పాప పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, నా వంతు ఎప్పుడు అని అడిగేది.

ఇప్పుడు వాడు అయిదు కిలోలు దాటాడు. ఉయ్యాల్లో పడుకుని గొంతులో ఏదో ఒక శబ్దం చేస్తూనే ఉంటాడు. నిన్న మధ్యాహ్నం నేను డ్యూటీ బ్యాగు సర్దుకుంటున్నాను, మూడింటికి సైన్ ఆన్. లోపలి గదిలోంచి వాడు "గూ" అన్నాడు. నేను పలుకుదామని తిరిగేలోపే పాప గొంతు వినబడింది.

"గూ" అంది. కాసేపు ఆగింది.

వాడు మళ్లీ "గూ" అన్నాడు.

"ఆఁ, గొట్లాం" అంది పాప. "తరవాత?"